బౌల్డరింగ్‌లో తాడు ఎందుకుండదు, గ్రేడ్లంటే ఏంటి, బెజవాడ చుట్టూ ఇన్ని కొండలున్నా ఇక్కడ ఎందుకు కుదరదు

తాడు లేకుండా రాళ్లెక్కుతారంట అని ఎవరికైనా చెప్తే మనోళ్లకి వెంటనే గుర్తొచ్చేవి రెండే. ఒకటి చిత్రదుర్గ కోట గోడల మీద పాకుతూ పైకెళ్లే జ్యోతిరాజ్ వీడియోలు, రెండోది 2017 జూన్ 3న అమెరికాలో ఎల్ క్యాపిటన్ అనే దాదాపు 900 మీటర్ల రాతిగోడని తాడు లేకుండా నాలుగ్గంటల లోపే ఎక్కేసిన అలెక్స్ హోనాల్డ్. రెండిట్లోనూ మధ్యలో చెయ్యి జారితే ఇంక మాట్లాడుకోడానికేం ఉండదు. దాన్ని ఫ్రీ సోలో అంటారు. బౌల్డరింగ్‌లో కూడా తాడుండదు కాబట్టి రెండూ ఒకటే అనుకుంటారు, ఆ కన్ఫ్యూజన్ వల్లే ఇంట్లో పిల్లలు నేర్చుకుంటామంటే పెద్దాళ్లు గుండె పట్టుకుంటారు. ఇంకో పక్క "ఆఁ నాలుగు మీటర్లేగా, పరుపు కూడా వేస్తారంట, దాంట్లో ఏముంది" అని తేలిగ్గా తీసేసే బ్యాచ్ కూడా ఉంది. రెండూ తప్పే, ఎందుకు తప్పో కొంచెం లెక్కలతో చూద్దాం.

ముందు తాడు సంగతి. ధైర్యం చూపించుకోడానికి తాడు తీసేశారని చాలామంది అనుకుంటారు గానీ అసలు కారణం చాలా బోరింగ్. ఆ ఎత్తులో తాడు పనిచెయ్యదు, అంతే. క్లైంబింగ్ తాడు ఇనప తీగ కాదు, సాగాలి, సాగితేనే పడ్డవాడి నడుం విరక్కుండా ఆగుద్ది. 80 కిలోల బరువు ఊరికే వేలాడదీస్తే 10 శాతం లోపు సాగొచ్చని ప్రమాణం పెట్టుకున్నారు, పడ్డ ఊపుకైతే ఇంకా చాలా ఎక్కువ సాగుద్ది. ఇప్పుడు 15 మీటర్ల గోడ పైన రింగులోంచి తిప్పి తాడు రెండు కొసలూ కిందకి వేలాడదీశారనుకోండి, ఎక్కేవాడు నేలకి రెండు మీటర్ల పైన ఉన్నప్పుడు అతనికీ కింద తాడు పట్టుకున్నవాడికీ మధ్య దాదాపు 28 మీటర్ల తాడుంటది, అది నాలుగైదు శాతం సాగినా మీటరు పైన పోయింది, ఇంక కొంచెం వదులుందంటే చెప్పక్కర్లేదు, కాళ్లు నేలకి తగులుతాయి. కింద నుంచి తాడు కట్టుకుని ఎక్కుతూ మధ్యలో బోల్టులకి తగిలించుకునే పద్ధతిలో అయితే మొదటి బోల్టు దాకా తాడు నడుముకి కట్టుకున్నా దాని వల్ల లాభం సున్నా. అంటే నేలకి దగ్గర్లో ఉన్న మొదటి మూడు నాలుగు మీటర్లలో తాడున్నా లేకపోయినా మీరు పడేది నేల మీదకే. సరే అలాంటప్పుడు ఆ మూడు నాలుగు మీటర్లనే ఒక ఆటగా చేసుకుని, తాడు పక్కనబెట్టి, కింద పరుపేసుకుని, వీలైనంత కష్టమైన కదలికలన్నీ ఆ కాస్త ఎత్తులోనే కుక్కేస్తే ఎలా ఉంటది? అదే బౌల్డరింగ్.

కాబట్టి ఈ ఆటలో ఎత్తు అసలు విషయం కాదు. ప్రపంచంలో అతి కష్టమైన బౌల్డర్లలో ఒకటని చాలామంది ఒప్పుకునే "బర్డెన్ ఆఫ్ డ్రీమ్స్" ఫిన్లండ్‌లో లాప్‌నోర్ అనే చోట ఉంది, చూస్తే ఇంతేనా అనిపిస్తది, ముందుకి వాలిపోయిన ఒక చిన్న రాయి, చేత్తో చేసే ఎత్తుగడలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దాన్ని ఫిన్లండ్ వాడే అయిన నాలే హుక్కతైవల్ ఏళ్ల తరబడి తిప్పలు పడి 2016లో ఎక్కాడు. రెండో మనిషి ఎక్కడానికి 2023 దాకా పట్టింది, స్కాట్లాండ్ కుర్రాడు విల్ బోసీ, వాడు ఆ రాతి పట్టుల నకళ్లు చేయించుకుని ఇంటి దగ్గర గోడకి బిగించి ప్రాక్టీస్ చేసి మరీ వెళ్లాడు. అంటే మన డాబా ఎత్తు కూడా లేని రాయి దగ్గర ప్రపంచం మొత్తం ఏడేళ్లు ఆగిపోయింది.

ఇప్పుడు పడటం గురించి, పెద్దాళ్లకి కావాల్సింది ఇదే కదా. పోటీల్లో గోడ సుమారు నాలుగున్నర మీటర్లుంటది, చేతులు పైఅంచు పట్టుకున్నప్పుడు కాళ్లు రెండున్నర మూడు మీటర్ల దగ్గరుంటాయి. మూడు మీటర్ల నుంచి పడితే నేలకి తగిలేటప్పటికి వేగం గంటకి 27, 28 కిలోమీటర్లు. ఇది ఎవరూ తగ్గించలేరు, మన చేతిలో ఉన్నది ఆగే దూరం పెంచుకోవడం ఒక్కటే. కాంక్రీటు మీద కాళ్లు బిగబట్టి దిగి 5 సెంటీమీటర్లలో ఆగారనుకోండి, ఒంటి మీద పడే బలం మీ బరువుకి అరవై రెట్లు, ఎముక విరగడానికి ఇంకేం కావాలి. అదే పరుపు 30 సెంటీమీటర్లు కిందకి నొక్కుకుంటే పది పదకొండు రెట్లకి దిగిపోద్ది, మోకాళ్లు వంచి వెనక్కి దొర్లితే ఇంకా తగ్గుద్ది. అందుకే జిమ్‌లో మొదటి రోజు ఎక్కడం కంటే ముందు పడటం నేర్పిస్తారు, నేర్పించని జిమ్ అయితే అక్కడ నుంచి వచ్చేయండి. రెండు కాళ్ల మీద కలిపి దిగాలి, మోకాళ్లు వదులుగా, చేతులు ఛాతీ దగ్గరకి ముడుచుకుని, వీపు మీదకి దొర్లాలి. మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు దీనికి రివర్స్, పడేటప్పుడు చెయ్యి వెనక్కి ఆనిస్తాం, మణికట్టో మోచెయ్యో పోయేది అక్కడే.

పరుపున్నంత మాత్రాన సేఫ్ అని ఎందుకనకూడదంటే, తాడుతో ఎక్కేవాడు పడితే ఎక్కువసార్లు గాల్లో వేలాడతాడు, బౌల్డరింగ్‌లో మాత్రం ప్రతి పడటమూ నేల మీదకే. సాయంత్రం ఒక గంట ఆడితే ఎన్నిసార్లు పడతారో లెక్కుండదు, వాటిల్లో ఒకటి పరుపు అంచు మీదో, రెండు పరుపుల మధ్య సందులోనో, కింద ఎవడో వదిలేసిన వాటర్ బాటిల్ మీదో పడిందంటే చీలమండ మెలిక తిరిగినట్టే. ప్రాణం పోయే ప్రమాదం తక్కువ, మడమ బెణికే ప్రమాదం ఎక్కువ, ఈ రెండిటినీ కలిపి ఒకే మాటలో "డేంజరా కాదా" అనడిగితే సమాధానం రాదు. బయట రాళ్ల దగ్గర అయితే మడత పెట్టుకుని వీపున మోసుకెళ్లే ప్యాడ్లు వాడతారు, ఇవి మార్కెట్లోకి వచ్చింది 1990ల్లోనే, అంతకుముందు వాళ్లు పాత కార్పెట్ ముక్కో ఏదో వేసుకునేవాళ్లు, చాలామంది అదీ లేకుండా నేల మీదకే దూకేవాళ్లు. ప్యాడ్ పక్కన ఒక మనిషి చేతులు చాపి నిలబడతాడు, స్పాటర్ అంటారు, అతను పట్టుకుంటాడని అనుకోకండి, 70 కిలోల మనిషి పైనుంచి పడుతుంటే ఎవరూ పట్టుకోలేరు, తల ముందు తగలకుండా నడుం దగ్గర నెట్టి పరుపు మీదకి మళ్లించడమే అతని పని. ఇంక రాయి ఐదారు మీటర్లు దాటిపోతే దాన్ని హైబాల్ అంటారు, అక్కడ నుంచి లెక్క మెల్లగా ఫ్రీ సోలో వైపు జారిపోద్ది, కొత్తవాళ్లకి ఆ దరిదాపుల్లో పనే లేదు.

పడకుండా వచ్చే దెబ్బలు ఇంకో రకం, ఇవి బయటికి కనపడవు. మన వేళ్లని ముడిచే కండరాలు మోచేతి కింద ఉంటాయి, అక్కడి నుంచి నరంలాంటి స్నాయువు వేలి చివరిదాకా వస్తది, అది ఎముకని అంటిపెట్టుకుని ఉండటానికి మధ్య మధ్యలో చిన్న పట్టీలుంటాయి, పుల్లీలు అంటారు. రాతి మీద అర అంగుళం అంచుని వేళ్లు మడిచి బిగించి పట్టుకున్నప్పుడు బరువంతా ఆ పట్టీల మీద పడుద్ది, ఒక్కోసారి టప్‌మని శబ్దం వచ్చి తెగుద్ది, ఎక్కువగా ఉంగరం వేలికి. కండ నెలల్లో పెరుగుద్ది, స్నాయువులు గట్టిపడటానికి ఏళ్లు పడుద్ది, అందుకే జిమ్‌కెళ్లే కండల కుర్రాళ్లే ఎక్కువగా వేళ్లకి దెబ్బ తెచ్చుకుంటారు, ఒంట్లో బలం వచ్చేసింది వేళ్లకి ఇంకా రాలేదు. ఎదిగే పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త, వాళ్ల వేలి ఎముకల్లో పెరిగే భాగం ఇంకా గట్టిపడి ఉండదు కాబట్టి అక్కడే పగులుద్ది. పిల్లల్ని ఎక్కనివ్వండి, హాయిగా ఎక్కనివ్వండి, కానీ వేళ్ల మీద వేలాడే బోర్డు ట్రైనింగులు పెద్దయ్యే దాకా వద్దు. వేలి మధ్య కీలు నొప్పిగా ఉందని పదమూడేళ్ల పిల్లాడు చెప్తే "ఏం కాదులేరా" అనకుండా డాక్టర్‌కి చూపించండి.

ఈ ఆట ఎక్కడ పుట్టిందంటే, పారిస్ దగ్గర ఫోంటెన్‌బ్లో అని ఒక అడవి ఉంది, నేలంతా ఇసుక, అందులో అక్కడక్కడా ఇసుకరాయి గుండ్లు. పారిస్ పర్వతారోహకులకి ఆల్ప్స్ వెళ్లడానికి కుదరనప్పుడు ఆదివారాలు అక్కడికెళ్లి ప్రాక్టీస్ చేసుకునేవాళ్లు, వంద సంవత్సరాల పైమాటే. మొదట్లో అది పెద్ద కొండలకి రిహార్సల్ మాత్రమే, తర్వాత తర్వాత కొంతమందికి రిహార్సలే ఎక్కువ నచ్చేసింది. 1930ల్లో పియెర్ అలాన్ అనే ఆయన అక్కడే ఎక్కుతూ రబ్బరు అట్ట ఉన్న బిగుతు బూట్లు తయారుచేసుకున్నాడు, ఇప్పుడు మనం చూసే క్లైంబింగ్ షూస్‌కి అవే అమ్మమ్మలు. ఇంక అమెరికాలో 1950ల్లో జాన్ గిల్ అని ఒక జిమ్నాస్ట్, తర్వాత గణితం ప్రొఫెసర్ అయ్యాడు, ఆయన జిమ్నాస్టులు చేతులకి రాసుకునే మెగ్నీషియం కార్బొనేట్ పొడిని రాతి దగ్గరకి తీసుకొచ్చాడు. రాయి ఎక్కడం అంటే పైకి చేరటం కాదు, ఎలా కదిలావన్నదే ముఖ్యం అన్న ఆలోచన ఎక్కువగా ఆయన దగ్గర నుంచే వచ్చింది, నిజానికి ఒక లెక్కల మాస్టారు ఈ ఆటకి మూలపురుషుడు అవటం నాకు భలే నచ్చుద్ది.

ఒక రాయి మీద ఒక నిర్దిష్టమైన దారిని ప్రాబ్లమ్ అంటారు. ఎక్కడ కూర్చుని మొదలెట్టాలి, ఏ పట్టు దగ్గర చేతులుండాలి, ఎక్కడ అయిపోద్ది, అన్నీ ముందే ఒప్పుకున్నవే. పక్కనే మెట్ల దారి ఉన్నా సరే అటు నుంచి వెళ్తే లెక్కలోకి రాదు. దాన్ని సాల్వ్ చేసే పద్ధతిని బీటా అంటారు, ఎడమ కాలి మడమ పైన తగిలించాలా, కుడి చెయ్యి ముందా వెనకా, నడుం గోడకి ఎంత దగ్గరుండాలి, ఇలాంటివి. జిమ్‌లో చూస్తే జనం ఎక్కేది తక్కువ, పరుపు మీద కూర్చుని గాల్లో చేతులు తిప్పుతూ చర్చించుకునేది ఎక్కువ.

ఇప్పుడు అసలు చిక్కుముడి, గ్రేడ్లు. మొదట గిల్ పెట్టిన పద్ధతిలో మూడే తరగతులు, బీ1 అంటే ఆ కాలంలో తాడుతో ఎక్కే అత్యంత కష్టమైన వాటితో సమానం, బీ2 అంతకన్నా కష్టం, బీ3 అంటే ఇప్పటిదాకా ఒకే ఒక్కసారి ఎక్కింది. ఇంకొకరు కూడా ఎక్కేశారంటే బీ3 నుంచి కిందకి దిగిపోద్ది. లెక్కల ఆయన కదా, అందంగానే ఉంది, కాకపోతే తాడుతో ఎక్కేవాళ్లు బాగుపడే కొద్దీ కింద గీత మొత్తం పైకి జరుగుద్ది, నిన్నటి బీ1 ఇవాళ ఏమీ కాకుండా పోద్ది, జనం పట్టించుకోలేదు. తర్వాత టెక్సస్‌లో హ్యూకో ట్యాంక్స్ అనే చోట జాన్ షెర్మన్ 1991లో వేసిన గైడ్ పుస్తకంలో వీ0, వీ1, వీ2 అంటూ పైన అంతం లేని లెక్క పెట్టాడు, ఆ వీ కూడా అతని ముద్దుపేరు వెర్మ్ నుంచి వచ్చిందే. ఫోంటెన్‌బ్లో వాళ్లది వేరే లెక్క, 6ఏ, 6బీ, 7ఏ, 7ఏ ప్లస్ ఇలా పోద్ది. వీ3 అంటే ఇంచుమించు వాళ్ల 6ఏ, వీ6 అంటే 7ఏ, వీ17 అంటే 9ఏ, చాలా ఏళ్లు పైకప్పు అదే. జపాన్ వాళ్లకి కరాటేలో లాగా డాన్, క్యూ లెక్క ఇంకోటుంది, దాని జోలికి పోవద్దు.

ఈ నంబర్ దేన్ని కొలుస్తుంది అన్న దగ్గరే అందరూ తడబడేది. వీ స్కేలు కష్టాన్ని మాత్రమే చెప్పుద్ది, భయాన్ని చెప్పదు. ఆరు మీటర్ల హైబాల్ వీ2 ఉండొచ్చు, దాని మీద నుంచి పడితే కాలు విరుగుద్ది, నేలకి అడుగు ఎత్తులో మొదలయ్యి అడ్డంగా పోయే వీ10 ఉండొచ్చు, దాంట్లో పడితే బట్టలకి దుమ్మంటుకుంటది అంతే. వీ2 ఈజీ అంట కదా అని హైబాల్ ఎక్కేసేవాడికి ఆ నంబర్ ఏమీ సాయం చెయ్యదు.

ఇంకో సంగతి, ఈ కష్టాన్ని కొలిచే మిషనేదీ లేదు. మొదట ఎక్కినవాడు ఒక నంబర్ చెప్తాడు, తర్వాత ఎక్కినవాళ్లు అవునంటారో కాదంటారో, కొన్నాళ్లకి ఒక మాట మీదకొస్తారు. గుంటూరోళ్లకి ఇది తేలిగ్గా అర్థమయ్యే పోలిక ఒకటుంది. మిరపకాయ ఘాటు స్కోవిల్ యూనిట్లలో చెప్తారు కదా, 1912లో స్కోవిల్ పెట్టినప్పుడు అది యంత్రంతో కొలిచింది కాదు, మిరప రసాన్ని పంచదార నీళ్లలో కలుపుకుంటూ పోయి, కొంతమంది నాలుక మీద వేసి, ఇంక మంట తెలీట్లేదు అనే దాకా పలచన చేసి, ఎన్ని రెట్లు పలచన చేశారో దాన్నే నంబర్‌గా రాసుకున్నారు. నంబర్ చూస్తే సైన్స్‌లా ఉంటది, వెనకున్నవి మాత్రం మనుషుల నాలుకలు. తర్వాత మిరపకాయకి ల్యాబ్ మిషన్లొచ్చాయి, రాయికి ఇంకా నాలుకలే దిక్కు.

అందుకే పెద్ద పెద్ద గ్రేడ్లు కూడా కూలిపోతుంటాయి. ఫ్రాన్స్‌లో షార్ల్ ఆల్బెర్ అని ఒకతను ఎక్కువగా వట్టి కాళ్లతో ఎక్కుతాడు, ఫోంటెన్‌బ్లోలో ఒక ప్రాబ్లమ్ ఎక్కి 9ఏ అన్నాడు, ఆ తర్వాత జపాన్ నుంచి రియోహెయ్ కమేయామా వచ్చి ఎక్కి 8సీ ప్లస్ అన్నాడు. దీంట్లో ఎవరూ అబద్ధమాడలేదు, ఒకే రాయి ఇద్దరికి రెండు రకాలుగా ఉంది. ఆడవాళ్లలో మొదటి వీ16 అని 2023లో కేటీ ల్యామ్ ఎక్కిన బాక్స్ థెరపీకి పేరొచ్చింది, తర్వాత బ్రూక్ రబుటూ ఎక్కి వీ15 అంటే సరిపోద్దేమో అంది. అప్పుడు కామెంట్లలో జరిగిన గొడవ చూస్తే ఆడవాళ్లు ఎక్కగానే గ్రేడ్ తగ్గిస్తారా అని ఒక వర్గం, నిజాయితీగా చెప్పటం తప్పా అని ఇంకో వర్గం. నా మటుకు నాకు ఇద్దరి మాటలోనూ కొంత నిజముందనిపిస్తది, గ్రేడ్ చెప్పే హక్కు ఎక్కినవాళ్లదే, కానీ ఏ గ్రేడ్‌ని ఎవరు ఎంత గట్టిగా అనుమానిస్తారు అనేదాంట్లో మనుషుల పక్షపాతం దూరకుండా ఉండదు.

శరీరం కొలతలు ఇంకో పెద్ద గోల. పొడుగ్గా ఉన్నవాడికి ఒక ఎత్తుగడలో అందేది పొట్టివాడికి గాల్లోకి దూకితేగానీ అందదు, మళ్లీ కాళ్లు బాగా పైకి ముడుచుకుని ఇరుక్కోవాల్సిన చోట పొడుగోడు ఇబ్బంది పడతాడు. 2024 పారిస్ ఒలింపిక్స్ ఫైనల్‌లో జపాన్ అమ్మాయి ఐ మోరి, ఎత్తు 154 సెంటీమీటర్లు, మొదటి బౌల్డర్ మొదలుపెట్టే పట్టే ఆమెకి అందలేదు, ఎగిరి ఎగిరి చూసింది, సున్నా వచ్చింది. తర్వాత తాడుతో ఎక్కే లీడ్ భాగంలో అందరికన్నా ఎక్కువ పాయింట్లు ఆమెవే, అయినా మొత్తం మీద నాలుగో స్థానం. ప్రాబ్లమ్ పెట్టినవాళ్లు అన్యాయం చేశారని కొందరు, దూకటం కూడా ఆటలో భాగమే అని కొందరు. ఎవరి మాట ఎలా ఉన్నా, ఆ గోడ మీద ఒక్క నంబర్ రాసి అందరికీ ఇదే కష్టం అనటం ఎంత కష్టమో అక్కడ లైవ్‌లో కనపడింది.

ఒలింపిక్స్ మాటొచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తా. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో బౌల్డరింగ్, లీడ్, స్పీడ్ మూడూ కలిపి ఒకే మెడల్ పెట్టారు, వంద మీటర్లు పరిగెత్తేవాడినీ మారథాన్ వాడినీ కలిపి పోటీ పెట్టారని అందరూ తిట్టారు. పారిస్‌లో స్పీడ్‌కి విడిగా మెడల్ పెట్టి బౌల్డర్, లీడ్ కలిపారు, రెండు ఒలింపిక్స్‌లోనూ ఆడవాళ్ల గోల్డ్ స్లొవేనియా అమ్మాయి యాన్యా గార్న్‌బ్రెట్‌దే. 2028 లాస్ ఏంజెల్స్‌లో మూడింటికీ వేరువేరు మెడల్స్. పారిస్ లెక్కలో ఫైనల్‌కి నాలుగు బౌల్డర్లు, ఒక్కోదానికి 25 పాయింట్లు, పైదాకా పోలేకపోతే మధ్యలో ఉన్న జోన్ పట్టులకి 5, 10 ఇస్తారు, పడ్డ ప్రతిసారీ 0.1 కట్. ఇక్కడ గ్రేడ్ ఉండదని గమనించండి, అందరూ అదే గోడ అదే రోజు ఎక్కుతారు కాబట్టి నంబర్‌తో పనే లేదు. ఇండియాలో కూడా 2016, 2017ల్లో నవీ ముంబైలో బౌల్డరింగ్ వరల్డ్ కప్ పోటీ జరిగింది, మన పేపర్లలో చాలామంది చూసి ఉండరు.

సరే, ఇప్పుడు మనూరి సంగతి. బెజవాడలో ఎటు చూసినా కొండే, ఇంద్రకీలాద్రి, గాంధీ కొండ, మొగల్రాజపురం, అటు పోతే కొండపల్లి, ఏరు దాటితే ఉండవల్లి, మంగళగిరి, గుంటూరు దాటాక కొండవీడు. హైదరాబాద్ వాళ్లు ఖాజాగూడలో ఎక్కుతున్నారు, కర్ణాటక వెళ్లి హంపిలో ఎక్కుతున్నారు, మనం మన కొండల మీద ఎందుకు ఎక్కకూడదు అని కుర్రాళ్లు అడుగుతుంటారు. కొండ ఉండటం వేరు, బౌల్డర్ ఉండటం వేరు, దాని వెనక భూగర్భం కథ ఉంది.

హైదరాబాద్‌లో ఉన్నది గ్రానైట్, దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటిది. గ్రానైట్‌లో ఖనిజాలు ఒక దిక్కు అని లేకుండా అన్ని వైపులా ఒకేలా పెనవేసుకుని ఉంటాయి. భూమి లోపల ఉన్నప్పుడే దానికి నిలువుగా అడ్డంగా పగుళ్లొచ్చి పెద్ద పెద్ద దిమ్మల్లా విడిపోద్ది, ఆ పగుళ్లలోకి నీళ్లు దిగి రాయిని నెమ్మదిగా కొరుకుద్ది. దిమ్మ మూలని మూడు వైపుల నుంచి, అంచుని రెండు వైపుల నుంచి, ముఖాన్ని ఒక్క వైపు నుంచే నీళ్లు తింటాయి కాబట్టి మూలలు ముందు అరిగిపోయి లోపల గుండ్రటి గట్టి గుండు మిగులుద్ది. పైన మెత్తబడిన మట్టంతా వానలకి కొట్టుకుపోయాక ఆ గుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బయటపడతాయి. హంపిలో కనపడే ఆ గుట్టలు ఎవరో విసిరినవి కావు, ఉన్నచోటే అలా తేలాయి. పైగా గ్రానైట్ గరుకుగా ఉంటది, బూటు రబ్బరు పట్టుకుంటది, చిన్న గింజ మీద కూడా బరువు మోపొచ్చు, చర్మం మాత్రం రెండు రోజుల్లో లేచిపోద్ది.

మన వైపు కొండలు తూర్పు కనుమల కుటుంబం. ఇక్కడ ఎక్కువగా కనపడే రాయి ఖొండలైట్, ఒడిశాలో ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టారు, దాంట్లో గార్నెట్, సిల్లిమనైట్, ఫెల్డ్‌స్పార్ లాంటివి పొరలు పొరలుగా ఒకే దిక్కుకి సర్దుకుని ఉంటాయి. ఆ ఎర్రటి తుప్పు రంగు దాంట్లో ఉన్న ఇనుము వల్లే. పొరలుంటే నీళ్లు ఆ పొరల వెంటే లోపలికి పోతాయి, ఫెల్డ్‌స్పార్ మెత్తబడి బంకమట్టి అయిపోద్ది, రాయి గుండ్రంగా అరగకుండా పలకలు పలకలుగా విడిపోద్ది. ఎక్కేవాడి చేతిలో పట్టు మిగలాలి, ఇక్కడ పట్టే చేతిలోకి ఊడొస్తది. దుర్గగుడి ఘాట్ రోడ్ మీద వానాకాలం రాళ్లు పడకుండా ఇనప వలలు కట్టాల్సి రావటం, 2024 ఆగస్టు 31న ఆ భయంకరమైన వానలకి మొగల్రాజపురంలో కొండ విరిగి ఇళ్ల మీద పడి మనుషులు చనిపోవటం, అన్నీ ఈ రాయి గుణంతో కూడా ముడిపడినవే. కొండ అంచున ఇళ్లు కట్టుకుని జనం కింద ఉన్నచోట పైన మీరు ఒక రాయి కదిలించారంటే అది మీ సరదా దగ్గర ఆగదు.

కొండపల్లి వైపు చార్నొకైట్ అనే గట్టి రాయి ఉంది నిజమే, అక్కడ కొంచెం నయం, కానీ అది రిజర్వ్ ఫారెస్ట్, అనుమతి లేకుండా తిరగటానికి లేదు. ఉండవల్లి, మొగల్రాజపురం గుహల్లాంటివి పురావస్తు శాఖ కాపాడుతున్న చోట్లు, వాటి గోడల మీద చేతులు పెట్టడం, తెల్ల పొడి పూయటం అనే ఆలోచనే వద్దు. కొండవీడు కోట గోడలు కూడా అంతే. ఇవన్నీ దాటి ఎక్కడో పొలాల్లో ఒంటరి గుండు ఒకటి కనపడి ఆశ పుట్టిందనుకోండి, ముందు ఊళ్లో వాళ్లని అడగండి, మన దగ్గర పసుపు కుంకుమ లేని గుండు తక్కువ. ఆ తర్వాత రాయిని పిడికిలితో కొట్టి వినండి, డొల్లగా మోగితే ఆ పలక వెనక ఖాళీ ఉన్నట్టు. వాన పడి రెండు రోజులు కాకముందే ముట్టుకోవద్దు, తడిసిన మెత్త రాయి ఇంకా తేలిగ్గా విరుగుద్ది.

ఎండ ఇంకో అడ్డు, దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. పట్టు నిలవాలంటే చర్మం పొడిగా ఉండాలి, రాయి చల్లగా ఉండాలి. పెద్ద పెద్ద ప్రాబ్లమ్స్ చాలావరకు గడ్డకట్టే చలిలో ఎక్కినవే, రాత్రిళ్లు లైట్లు పెట్టుకుని మరీ ఎక్కుతారు. మనకి మే నెలలో 45 డిగ్రీలు, దానికి తోడు కృష్ణ పక్కన ఉక్క, అరచేతిలో చెమట ఆగదు, ఎంత పొడి రాసినా రెండు నిమిషాల్లో ముద్దవుద్ది. డిసెంబర్‌లో మీకు తేలిగ్గా వచ్చిన వీ2 ఏప్రిల్‌లో చెయ్యి జారిపోతే మీరు బలహీనపడ్డారని కాదు, గ్రేడ్ మారలేదు, గాలి మారింది.

కాబట్టి విజయవాడ, గుంటూరు వాళ్లకి ప్రాక్టికల్‌గా ఉన్న దారి ముందు హైదరాబాద్‌లో ఏదైనా ఇండోర్ జిమ్, శాతవాహనకి వెళ్లి వారాంతం గడిపి రావచ్చు, షూస్ అద్దెకిస్తారు, మొదటి రోజే కొనకండి, వేలల్లో ఉంటాయి, సైజు కూడా తెలీదు. జిమ్‌లో ఉండే రంగుల గ్రేడ్ ఆ జిమ్‌కి మాత్రమే చెల్లుద్ది, కొత్తవాళ్లు నిరుత్సాహపడకుండా చాలాచోట్ల కొంచెం ధారాళంగా ఇస్తారు, జిమ్‌లో వీ4 అని బయటికెళ్లి రాతి మీద వీ1 దగ్గర నేల చూడటం మామూలే. వేళ్లకి నాలుగు నెలలు అలవాటయ్యాక హంపి, నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో. గుంటూరు మీదుగా పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్ హొస్పేటలో దింపుద్ది, అక్కడి నుంచి హంపి దగ్గరే. ఆన్‌లైన్‌లో పాత సమాచారం చాలా ఉంది జాగ్రత్త, ఏటికి అవతల విరుపాపుర గడ్డిలో క్లైంబర్లు దిగే గెస్ట్‌హౌస్‌లన్నీ 2020లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కూల్చేశారు, కాబట్టి రూమ్ ఎక్కడ, ప్యాడ్ అద్దెకి దొరుకుద్దా లేదా ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. గుడుల రాళ్ల మీద, మంటపాల చుట్టుపక్కల ఎక్కొద్దు.

వెళ్లేముందు గోళ్లు కత్తిరించుకోండి, ఉంగరాలు తీసి ఇంట్లో పెట్టేయండి, పడేటప్పుడు ఉంగరం పట్టుకి తగులుకుంటే చర్మం మొత్తం వేలి నుంచి ఊడొచ్చేసే కేసులున్నాయి, పెళ్లి ఉంగరమైనా సరే. పైదాకా వెళ్లాక అక్కడి నుంచి దూకకుండా పెద్ద పెద్ద పట్టులు వెతుక్కుంటూ కిందకి దిగి, ఆఖరి మీటరు మాత్రమే వదిలేయండి. బయట రాళ్ల దగ్గరైతే ఎక్కకముందే వెనక వైపుకెళ్లి దిగే దారి చూసుకోండి, ఎక్కేసి దిగలేక గుండు మీద కూర్చుని కింద వాళ్లని పిలిచేవాళ్లు ప్రతి సీజన్‌లో ఉంటారు.